కాంగో వర్షారణ్యంలో ఏటి ఒడ్డున ఖరీదైన బస: అడవికి మేలు చేస్తుందా?

ఏటిగట్టు:

కాంగో రిపబ్లిక్ ఉత్తరాన ఉన్న ఒడ్జాలా-కొకువా జాతీయ వనంలో గత ఫిబ్రవరిలో ఆరు రాత్రులు గడిపి వచ్చాను. వచ్చిన నాటి నుంచి బంధువులు ఒకే ప్రశ్న వేస్తున్నారు. లక్షల రూపాయలు పోసి అడవి మధ్యలో మెత్తటి పరుపు మీద పడుకుంటే ఆ అడవికి ఒరిగేదేమిటి? ప్రశ్న న్యాయమైనదే కనుక ఇక్కడ చర్చకు పెడుతున్నాను. మేలు జరుగుతుందనే నేను నమ్ముతున్నాను.

కిన్షాసా రాజధానిగా ఉన్న పెద్ద కాంగో వేరు, నేను వెళ్లినది బ్రజ్జావిల్ రాజధానిగా ఉన్న చిన్న దేశానికి. ఈ వనం 1935లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 13,500 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి తూర్పు గోదావరి జిల్లా మొత్తాన్ని అందులో పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. 2010 నుంచి ఆఫ్రికన్ పార్క్స్ అనే సంస్థ అక్కడి ప్రభుత్వంతో కలిసి దీన్ని నడుపుతోంది. 2023లో యునెస్కో ఈ అడవిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత పెద్ద అడవిలో అతిథుల కోసం ప్రధానంగా ఉన్నవి మూడు చిన్న బసలు: లెకోలి ఏటి ఒడ్డున ఎంబోకో, చిత్తడి మైదానం అంచున లాంగో, గొరిల్లాల అడవిలో ఎన్గాగా. ఒక్కో చోట పట్టేది కొద్దిమందే. ఖర్చు ఎక్కువ కావడానికి కారణం అదేనని నాకు అర్థమైంది.

ఎన్గాగాలో ఒక ఉదయం జరిగినది చెబుతాను. అక్కడ పెద్ద చెట్ల కింది అడవి అంతా మన పసుపు, కూరఅరటి ఆకులను తలపించే వెడల్పాటి ఆకుల పొదలతో మనిషి ఎత్తు దాటి అల్లుకుపోయి ఉంటుంది. జాడలు పట్టే మనిషి కొడవలి వాడలేదు. తోటమాలి వాడే చిన్న కత్తెరతో ఒక్కొక్క కాడనూ చప్పుడు కాకుండా తుంచుతూ, సరిగ్గా ఒక మనిషి దూరేటంత దారి చేస్తూ ముందుకు నడిచాడు. గొరిల్లాలు కనిపించే దూరానికి రాగానే అందరం మూతికి మాస్కులు కట్టుకున్నాము. కుట్టని చిన్న తేనెటీగలు చెమట కోసం కళ్ల చుట్టూ, చెవుల్లో మూగుతున్నా చెయ్యి విసరకూడదని ముందే చెప్పారు. ఒక తల్లి గొరిల్లా చెట్టు మీద కూర్చుని పండ్లు తింటూ, బిడ్డ జారిపోబోయినప్పుడు చూడకుండానే కాలు పట్టుకుని పైకి లాక్కున్నది. గంట గడవగానే, మాకు ఇంకా చూడాలని ఉన్నా, వెనక్కి తీసుకువచ్చారు.

ఆ జాడ పట్టే మనిషికి నెల జీతం వస్తున్నది ఆ తల్లి గొరిల్లా బతికి ఉన్నందువల్లనే. వేటకు ఇంతకంటే బలమైన విరుగుడు నాకు తోచడం లేదు. రువాండా, ఉగాండాల్లోని కొండ గొరిల్లాలను చూడండి. 1980ల తొలినాళ్లలో విరుంగా కొండల్లో సుమారు 250 మాత్రమే మిగిలిన ఆ జాతి, తర్వాతి లెక్కల్లో ఉగాండాలోని బ్విండి అడవితో కలిపి 1,063కు చేరింది. 2018లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమాఖ్య వాటిని అత్యంత ప్రమాదంలో ఉన్న వర్గం నుంచి ఒక మెట్టు కిందికి దించింది. అందులో పర్యాటకుల డబ్బుకు పెద్ద పాత్ర ఉంది. ఇందులో తప్పు ఎక్కడ ఉందో తెలిసినవారు చెప్పండి.

నల్లమల బాటసారి:

ఏటిగట్టు గారూ, మీరు చూసినదాన్ని శంకించడం లేదు. మీరు చూడని భాగం గురించి మాత్రం మాట్లాడక తప్పదు.

నేను చాలా ఏళ్లుగా నల్లమలలోని చెంచు పెంటల్లో పనిచేస్తున్నాను. పులుల అభయారణ్యం పేరుతో ఒక పెంటను ఖాళీ చేయించాలన్న మాట వచ్చినప్పుడల్లా వినిపించే వాదన ఒక్కటే: అడవి బాగుండాలంటే మనుషులు ఉండకూడదు. ఆ మనుషులు అక్కడ తరతరాలుగా ఉన్నందువల్లనే అడవి మిగిలిందన్న సంగతి ఆ వాదనలో ఎక్కడా కనపడదు. మీరు ఉదాహరణగా చెప్పిన బ్విండి చరిత్ర కూడా ఇదే. 1991లో దాన్ని జాతీయ వనంగా ప్రకటించినప్పుడు అందులో వేట, తేనె, దుంపల మీద బతికిన బట్వా ప్రజలను బయటికి పంపేశారు. గొరిల్లాల లెక్క పెరిగిన మాట నిజమే. బట్వాలు చాలామంది ఇతరుల భూముల్లో కూలి చేసుకుంటూ, ఒకప్పుడు తమదైన అడవి అంచున పర్యాటకుల ముందు నాట్యం చేసి బతుకుతున్న మాట కూడా అంతే నిజం. మొదటి లెక్క చెప్పి రెండోది చెప్పకపోతే అది సగం లెక్క అవుతుంది.

ఇక ఒడ్జాలా సంగతి. ఆ ప్రాంతంలోని ఆదివాసులైన బాకా ప్రజలను వన రక్షకులు కొట్టారని, హింసించారని, స్త్రీలపై అత్యాచారాలకు పాల్పడ్డారని ఆరోపణలు ఉన్నాయి. 2024 జనవరిలో బ్రిటన్ పత్రిక ఒకటి వాటిని ప్రముఖంగా ప్రచురించాక ప్రపంచమంతా మాట్లాడుకున్నది. ఆఫ్రికన్ పార్క్స్ లండన్ న్యాయవాద సంస్థ ఒకదాని చేత విచారణ జరిపించి, కొన్ని సందర్భాల్లో మానవ హక్కుల ఉల్లంఘన జరిగిందని 2025 మేలో స్వయంగా ఒప్పుకున్నది. కంచే చేను మేసినట్టు అనే మాట మనం ఊరికే వాడుతూ ఉంటాము. అడవి తల్లి బిడ్డల విషయంలో అడవి కాపలాదారే అలా మారితే వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లి చెప్పుకోవాలి?

చట్టం లేక ఇది జరిగిందని ఎవరూ అనుకోవద్దు. ఆదివాసుల హక్కుల కోసం ప్రత్యేక చట్టం చేసిన మొదటి ఆఫ్రికా దేశం కాంగో రిపబ్లిక్. అది 2011 ఫిబ్రవరిలో వచ్చింది. మన అటవీ హక్కుల చట్టం 2006 నాటిది. రెండు చోట్లా కాగితం మీద హక్కు ఉంది, అడవిలో అడుగు పెట్టినప్పుడు అడ్డగించే మనిషి ఉన్నాడు. ఆ మనిషి చేసే పనికి మీ బస ఒక మర్యాదస్తుల ముఖం ఇస్తోంది. ఈ లెక్క తేలేదాకా అక్కడికి వెళ్లకపోవడమే ధర్మమని నా అభిప్రాయం.

పశువైద్యుడు, కాకినాడ:

ఇద్దరి మాటల్లోనూ రాని విషయం ఒకటి ఉంది, అది రోగం. గొరిల్లాకు మన జలుబు కూడా ప్రాణాంతకం కాగలదు. 2021 జనవరిలో అమెరికాలోని శాన్ డియాగో జంతు ఉద్యానంలో గొరిల్లాలకు కరోనా సోకిందన్నది మనందరం చదివినదే. ఒడ్జాలాకు నైరుతి దిక్కున ఉన్న లోసీ అభయారణ్యంలో 2002, 2003 సంవత్సరాల్లో ఎబోలా వచ్చినప్పుడు, ఆ పరిశోధన ప్రాంతంలో సుమారు 5,000 గొరిల్లాలు చనిపోయి ఉంటాయని 2006లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఏ వేటగాడి తుపాకీ కూడా అంత తక్కువ కాలంలో అంత నష్టం చేయలేదు.

కనుక మాస్కు, దూరం, గంట సమయం, తక్కువ మంది అన్నవి అతిథి మర్యాదలు కావు, అవే అసలు రక్షణ. పరుపు ఖరీదుకు దానితో సంబంధం లేదు. అయితే ఇంకొక మాట. పర్యాటకుడు గొరిల్లా దగ్గర ఉండేది ఒక గంట, జాడలు పట్టే మనిషి ఉండేది ఏడాది పొడుగునా. అతని ఇంట్లో బిడ్డకు దగ్గు వస్తే చూపించుకునే ఆసుపత్రి ఉందా? బ్విండిలో 1996లో గొరిల్లాలకు గజ్జి పట్టి ఒక పిల్ల చనిపోయింది. అది చుట్టుపక్కల ఊళ్ల మనుషుల నుంచే సోకిందని తేలింది. ఆ అనుభవం నుంచే అక్కడి పశువైద్యురాలు గ్లాడిస్ కలేమా-జికుసోకా ఊరి ఆరోగ్యాన్నీ గొరిల్లా ఆరోగ్యాన్నీ కలిపి చూసే సంస్థను స్థాపించారు. ఊరివాళ్లను దూరం పెట్టి గొరిల్లాను కాపాడగలమన్న ఆలోచన, నల్లమల బాటసారి గారు చెప్పిన న్యాయం సంగతి పక్కన పెట్టినా, వైద్యశాస్త్రం ప్రకారం కూడా నిలబడదు.

పాయింట్ నోయిర్ ప్రవాసి:

ఉద్యోగరీత్యా కాంగో రిపబ్లిక్‌లోనే ఉంటున్నాను కనుక నాలుగు మాటలు. ఇక్కడ ప్రభుత్వానికి ప్రధాన ఆదాయం చమురు, ఆ తర్వాత చెప్పుకోదగినది కలప. కలప కోసం వేసిన ప్రతి మట్టిరోడ్డూ అడవి మాంసం, ఏనుగు దంతం అమ్మేవాళ్లకు దారి అవుతుంది. అడవి ఏనుగు జాతి 31 ఏళ్లలో 86 శాతానికి పైగా తగ్గిందని 2021లో ప్రకటించారు. బసలు మూతపడితే ఆ నేల బాకాలకు తిరిగి వస్తుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ముందుగా వచ్చేది రంపపు కోత మిల్లు. వెళ్లకండి అని చెప్పేవారు ఈ సంగతి కూడా ఆలోచించాలని మనవి.

ఏటిగట్టు:

మీ అందరి జవాబులూ రెండేసి సార్లు చదివాను. 2025 నాటి ప్రకటన సంగతి వెళ్లే ముందు నాకు తెలియదు. బస వివరాలు పంపినవారు చెప్పలేదు, నేనూ వెతకలేదు. వేల డాలర్లు కట్టే ముందు గదిలో దోమతెర ఉందా అని అడిగిన దాన్ని ఈ ఒక్క విషయం అడగకపోవడం నా తప్పు.

జాడ పట్టే మనిషి జీతమే వేటకు విరుగుడు అన్న నా మాటను కూడా కొంత సవరించుకుంటున్నాను. కొద్దిమంది అతిథులు ఇచ్చే డబ్బుతో ఒక జిల్లా అంత అడవి నడవదు. ఆ సంస్థకు నిధులు ప్రధానంగా ప్రభుత్వాలు, దాతలు ఇచ్చినవే. కనుక బస అడవిని పోషిస్తోందని చెప్పడం అతిశయోక్తి. బస చేసేది వేరే పని: అడవి లోపల ఏం జరుగుతోందో బయటివాళ్లు చూడడానికి ఒక కిటికీ తెరిచి ఉంచుతుంది. వన రక్షకులు తప్ప మరొకరు అడుగు పెట్టని చోట జరిగే అన్యాయం వెలుగులోకి రావడం ఇంకా కష్టం. నల్లమల బాటసారి గారు అతిథిని మర్యాదస్తుల ముఖం అన్నారు. అతిథి సాక్షి కూడా కాగలడు, కళ్లు తెరుచుకుని వెళితే. నేను అలా వెళ్లలేదు.

డబ్బు పంపకం సంగతికి వస్తే, రువాండా కొంత నయమైన దారి చూపింది. గొరిల్లా దర్శనానికి మనిషికి 1,500 డాలర్లు వసూలు చేయడం 2017లో మొదలుపెట్టినప్పుడే, వనాల పర్యాటక ఆదాయంలో చుట్టుపక్కల ఊళ్లకు ఇచ్చే వాటాను 5 నుంచి 10 శాతానికి పెంచారు. ఆ వాటాతో బడులు, ఆరోగ్య కేంద్రాలు కట్టారు. డాక్టరు గారు చెప్పినది అక్కడ కొంతైనా జరుగుతోంది. అయినా వాటా వేరు, హక్కు వేరు. వాటా ఇచ్చేవాడు రేపు తగ్గించవచ్చు. హక్కు ఉన్నవాడు అడవిలోకి వెళ్లడానికి ఎవరినీ బతిమాలుకోనక్కరలేదు. ఈ తేడా నాకు మీ చర్చ వల్లనే స్పష్టమైంది. ఇకపై ఏ బస అయినా మంచిదా కాదా అని నన్ను అడిగితే, ఆ నేల మీద పుట్టినవాళ్లు దాని లోపలికి ఏ హోదాలో వస్తున్నారు అన్నదే మొదట చూడమంటాను: హక్కుదారులుగానా, కూలీలుగానా, నేరస్తులుగానా?

నల్లమల బాటసారి:

మీ నిజాయితీకి నమస్కారం. అయినా నా మాట నేను మార్చుకోవడం లేదు. సాక్షికి బాకా భాష రాదు, బాకా పల్లెకు ఒంటరిగా వెళ్లే వీలు లేదు, చూపించేది బస వాళ్లు చూపించినదే. పాయింట్ నోయిర్ మిత్రుడు చెప్పిన కలప భయం నిజమే. కానీ రంపమా, తుపాకీ పట్టిన రక్షకుడా అన్న రెండే దారులు ఉన్నట్టు మాట్లాడడం కూడా సరికాదు. 2011 చట్టం ప్రకారం బాకాలకే అడవి హక్కు పట్టా ఇచ్చి, రక్షణ బాధ్యత కూడా వాళ్ల చేతిలో పెట్టే మూడో దారి ఉంది. దాన్ని పూర్తిగా ప్రయత్నించి చూడకుండానే పక్కన పెడుతున్నారు. ఏటిగట్టు గారూ, మీరు ఉన్న ఆరు రోజుల్లో మీతో మాట్లాడిన ఒక్క అడవి మనిషి మాట ఏదైనా గుర్తుందా?

ఏటిగట్టు:

గుర్తుంది. చివరి రోజు లెకోలి ఒడ్డున వంట చేసే ఒక ఆమె, మా కోసం కాకుండా తమ కోసం చేసుకున్న షిక్వాంగ్ నాకు రుచి చూపించింది. నానబెట్టిన కర్రపెండలం ముద్దను ఆకులో చుట్టి, కట్టి, ఆవిరి మీద ఉడికిస్తారు. కోనసీమలో పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు పెట్టినట్టే ఉంటుంది. కట్టు విప్పగానే ఆకు వాసన ముందు వచ్చింది. ఎన్గాగాలో మా దారికి అడ్డం వచ్చి కత్తెరతో తుంచిన ఆకు అదేనని ఆమె చెప్పింది. తన అమ్మమ్మకు ఆ ఆకుల్లో ఏది దేనికి పనికి వస్తుందో తెలుసునని కూడా చెప్పింది. దుబాసీగా ఉన్న అబ్బాయి ఆ మాటను ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే, నేను ఉడికించే పద్ధతి రాసుకున్నాను.

ఆ అమ్మమ్మ ఇప్పుడు ఆకులు కోసుకోవడానికి ఎక్కడికి వెళుతోంది, ఎవరైనా ఆపుతున్నారా అని అడగలేదు. నిన్న రాత్రి బస నడిపేవారికి ఉత్తరం రాశాను. అందులో మొదటి ప్రశ్న అదే. రెండోది 2025 విచారణ తర్వాత వన రక్షకుల మీద ఫిర్యాదు చేయాలంటే బాకాలు ఎక్కడికి వెళ్లాలి అన్నది. మూడోది ఊరి ఆరోగ్య కేంద్రం గురించి, డాక్టరు గారి మాట మీద. జవాబు వచ్చినా రాకపోయినా ఇక్కడే రాస్తాను.