ప్రకటనలు ఆపేసే ఎక్స్‌టెన్షన్ పెట్టుకోవడం తప్పా?

కృష్ణా తీరం:
సంక్రాంతికి ఊరెళ్తే నాన్న లాప్‌టాప్ మీద తువ్వాలు కప్పి ఉంది. "దానికి వైరస్ పట్టిందిరా, ముట్టుకోకు" అన్నారు. తెరిచి చూస్తే నిమిషానికోసారి మూలన ఎర్రటి డబ్బా లేస్తోంది: మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఇక్కడ నొక్కండి అని. ఏం జరిగిందో నిదానంగా అడిగి తెలుసుకున్నాను. అడంగల్ ఎలా తీసుకోవాలో చెప్పే ఏదో పేజీలో పచ్చగా "డౌన్‌లోడ్" బటన్ కనిపిస్తే నొక్కారట. అది ప్రకటన. అది తీసుకెళ్లిన చోట "అలో" నొక్కమంటే అదీ నొక్కారు. దాంతో నోటిఫికేషన్లు పంపుకోవడానికి ఆ సైటుకి అనుమతి దొరికింది. అంతే, వైరస్ ఏమీ లేదు. సెట్టింగుల్లో అనుమతి తీసేయగానే ఆగిపోయింది. కానీ ఆయన మూడు వారాలు భయంతో దాన్ని ముట్టుకోలేదు. పొలం కాగితం కోసం ఆటో ఎక్కి మండల కేంద్రానికి రెండుసార్లు తిరిగారు.

ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వేసి, అందులో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) పెట్టి వచ్చాను. మా బావకి చెబితే ఒప్పుకోలేదు. "హోటల్లో తిని బిల్లు కట్టకుండా లేచి రావడమే అది" అన్నారు. ఆ మాట నచ్చలేదు, కానీ అప్పటికి జవాబు తోచలేదు. మీరేమంటారు?

నల్లరేగడి:
బావగారు కాస్త కటువుగా అన్నారు గానీ నేను ఆయన పక్షమే. ఆరేళ్లుగా తెలుగులో వ్యవసాయం సైటు నడుపుతున్నాను. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు పూత మొత్తం రాలిపోతుంటే రైతులు ఏ మందు దొరికితే అది కొట్టారు. ఆ సీజనంతా రాత్రిళ్లు కూర్చుని, తెలిసిన శాస్త్రవేత్తలకు ఫోన్లు చేసి, ఒక్కో మోతాదు సరిచూసుకుని రాశాను. నాకు జీతం ఇచ్చేవాళ్లు లేరు. సర్వర్ అద్దె, డొమైన్ ఖర్చు ఆ ప్రకటనల మీదే వెళ్తాయి. సైట్లలో ప్రకటనలు వేసి యజమానికి డబ్బిచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకు అనుమతి ఇచ్చిందే 2018లో. అప్పటిదాకా మాకు ఆ తలుపు మూసే ఉంది. చందా కట్టమని రైతుని అడగలేను. మీరంతా బ్లాకర్ పెట్టుకుంటే నాలాంటివాళ్లు ఒక్కొక్కరే మానేస్తారు. ఇక తెలుగులో మిగిలేవి ఎక్కడివో ఎత్తి అతికించిన పేజీలే.

రాత్రి డ్యూటీ:
నల్లరేగడి గారూ, మీ కష్టం మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ హోటల్ పోలిక కుదరదు. నెట్‌వర్క్ పనిలో పన్నెండేళ్లుగా ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

నేను మీ పేజీ తెరిస్తే నా బ్రౌజర్ ఒక్క మీ సర్వర్‌తోనే మాట్లాడదు. ప్రకటనల సర్వర్లకూ కబురు వెళ్తుంది. పేజీ తెరుచుకునే ఆ క్షణంలోనే ప్రకటన స్థలానికి వేలం నడుస్తుంది. నేను ఏ పేజీలో ఉన్నాను, నాది ఏ పరికరం, దాదాపుగా ఏ ఊరు అన్నవి పాట పాడేవాళ్లందరికీ చేరతాయి. పాట ఎవరు గెలిచారో మీకూ తెలియదు, నాకూ తెలియదు. కృష్ణా తీరం గారి నాన్నగారు నొక్కిన పచ్చ బటన్‌ని ఆ సైటు యజమాని ఎంచి పెట్టి ఉండరు. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ సైట్లలో కూడా ప్రకటనల దారినే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రాం) చొరబడింది. అంత పెద్ద సంస్థలే తమ పేజీలో ఏం వస్తోందో పట్టుకోలేకపోయాయి. వెతుకులాట ఫలితాల పైన నకిలీ కంపెనీల ప్రకటనలు వస్తున్నాయని, యాడ్ బ్లాకర్ వాడమని 2022 డిసెంబర్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐయే జనానికి సలహా ఇచ్చింది.

ఎక్స్‌టెన్షన్ చేసేదల్లా ఆ కబురు బయటికి వెళ్లకముందే ఆపడం. ఏ చిరునామాలు ఆపాలో ఈజీలిస్ట్ లాంటి జాబితాల్లో ఉంటుంది. నా ఇంటి తలుపుకి నేను గడియ పెట్టుకుంటే దొంగతనం ఎలా అవుతుంది?

పాత ఉత్తరం:
నేను తెలుగు పంతులమ్మగా చేసి రిటైరయ్యాను. ఫోన్లోనే చదువుతాను. నాలుగు వాక్యాలు, ఒక ప్రకటన, మళ్లీ నాలుగు వాక్యాలు. కథ మధ్యలో తెర అంతా కప్పేసి, మూసే గుర్తు ఆవగింజంత పెడతారు. నా వేలికి అది అందదు. పత్రికల్లో ప్రకటనలు లేవా అంటారు. ఉండేవి, చీరల ప్రకటనలు ఇష్టంగా చూసేదాన్ని కూడా. అవి వాటి చోటున ఉండేవి, నా చదువుకి అడ్డం వచ్చేవి కావు. ఫోన్లో క్రోమ్ వాడేవాళ్లకి ఈ ఎక్స్‌టెన్షన్ సౌకర్యం లేదని మనవడు చెప్పి ఫైర్‌ఫాక్స్ వేసి ఇచ్చాడు. ఇప్పుడు ఒక కథ మొదలుపెడితే చివరిదాకా చదవగలుగుతున్నాను.

కొలిమి:
గడియ సరే, ఆ గడియ ఎవరు చేశారో ఎవరైనా చూస్తున్నారా? ఇలాంటి ఎక్స్‌టెన్షన్ పెట్టేటప్పుడు మీరు తెరిచే అన్ని పేజీలనూ చదివే, మార్చే అనుమతి ఇస్తారు. బ్యాంకు పేజీ కూడా అందులోదే. 2020లో నానో యాడ్‌బ్లాకర్‌ని దాన్ని రాసిన మనిషి అమ్మేశాడు. కొన్నవాళ్లు అందులో వాడకందారుల సమాచారం లాగే కోడ్ పెట్టారు. జనం కొత్తగా ఏమీ నొక్కలేదు, అప్‌డేట్ దానంతటదే వచ్చింది. అంతకు రెండేళ్ల ముందు క్రోమ్ స్టోర్‌లో 5 నకిలీ బ్లాకర్లు బయటపడ్డాయి, వాటిని పెట్టుకున్నవాళ్లు 2 కోట్లకు పైనే. యూబ్లాక్ అని ఒకటి, యూబ్లాక్ ఆరిజిన్ అని ఒకటి వేరువేరుగా ఉన్నాయి. దాన్ని మొదట రాసిన రేమండ్ హిల్ ఇప్పుడు చూసుకునేది రెండోది, ఆయన విరాళాలు కూడా తీసుకోరు. పేరు పూర్తిగా చదివి పెట్టుకోండి.

యాడ్‌బ్లాక్ ప్లస్ అనే మరో బ్లాకర్ సంగతి వేరు. 2011 నుంచి "ఆమోదయోగ్యమైన ప్రకటనలు" అని కొన్నిటిని వదులుతుంది. చిన్న సైట్ల దగ్గర ఏమీ తీసుకోదు, పెద్ద కంపెనీల దగ్గర రుసుము వసూలు చేస్తుంది. ముందు దారి మూసి, తర్వాత డబ్బు తీసుకుని తెరవడం నాకు సబబుగా అనిపించదు. జర్మనీలో ఆక్సెల్ స్ప్రింగర్ పత్రికా సంస్థ దీనిమీదే కోర్టుకెళ్లింది. 2018లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం బ్లాకర్ చట్టబద్ధమే అని తీర్పిచ్చింది. చట్టం సంగతి ఎలా ఉన్నా, నాకు ఆ పద్ధతి మాత్రం నచ్చదు.

రాత్రి డ్యూటీ:
కొలిమి గారి హెచ్చరిక నూటికి నూరుపాళ్లు నిజం. ఇంకొకటి. క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లకు మానిఫెస్ట్ వీ3 అనే కొత్త నిబంధనలు వచ్చాక యూబ్లాక్ ఆరిజిన్ నడవదు. ప్రతి కబురునూ అప్పటికప్పుడు చూసి ఆపే శక్తిని ఎక్స్‌టెన్షన్ల నుంచి తీసేశారు. ముందే ఇచ్చిన నియమాల ప్రకారం బ్రౌజరే ఆపుతుంది. అందుకే క్రోమ్‌లో దొరికేది లైట్ అన్న చిన్న రూపం. ప్రకటనల మీద బతికే కంపెనీ చేతిలోనే బ్రౌజర్ కూడా ఉంటే ఇలాగే జరుగుతుంది.

కృష్ణా తీరం:
నల్లరేగడి గారూ, లింకు మెసేజ్‌లో పంపినందుకు థాంక్స్. బ్లాకర్ తీసేసి మీ మిర్చి పేజీ మొత్తం చదివాను. ఇంత వివరంగా తెలుగులో ఇంకెక్కడా చూడలేదు. కానీ ఒక మాట చెప్పాలి, ఏమీ అనుకోకండి. మందు మోతాదుల పట్టిక ఉంది కదా, సరిగ్గా దాని కింద "డౌన్‌లోడ్" అని పచ్చ బటన్ వచ్చింది. పట్టికని దాచుకోవడానికే అనుకుని మా నాన్న తప్పకుండా నొక్కుతారు.

నల్లరేగడి:
నిజమే. ఇప్పుడే వేరే ఫోన్లో చూశాను, నాకూ వచ్చింది. ఆటో యాడ్స్ వేసి వదిలేశాను, ఎక్కడ పెట్టాలో గూగులే చూసుకుంటుందని. అది నా తప్పు. రాసిన ప్రతి అక్షరం సరిచూసుకున్నవాణ్ణి, దాని పక్కన ఏం వస్తోందో చూడలేదు. ఆటో తీసేశాను. పైన ఒకటి, అడుగున ఒకటి, రెండే ఉంచాను. సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్‌ల ప్రకటనలు రాకుండా అడ్డుకోమని కూడా పెట్టాను. ఆదాయం ఎంత పడుతుందో నెలాఖరుకి తెలుస్తుంది. అయినా మొత్తంగా బ్లాక్ చేయడం న్యాయమని మాత్రం ఒప్పుకోను.

రాత్రి డ్యూటీ:
నేనూ బ్లాకర్ తీయను అండీ. ఆ రెండు ప్రకటనల వెనకా అదే వేలం నడుస్తుంది. విత్తనాల కొట్టు దగ్గరో, డ్రిప్ కంపెనీ దగ్గరో మీరే నేరుగా మాట్లాడి మామూలు బొమ్మగా పెడితే అది నా బ్లాకర్‌ని దాటి రావచ్చు, వస్తే సంతోషంగా చూస్తాను.

నల్లరేగడి:
కొట్లవాళ్లని అడిగితే వాళ్ల మందుల గురించి మంచిగా రాయమంటారు. అది అనుభవించాను. అందుకే ఆ దారి వద్దనుకున్నాను.

కృష్ణా తీరం:
నాన్నకి ఫోన్ చేసి, మీ పేజీ తెరిపించి, యూబ్లాక్ ఆరిజిన్ బొమ్మలో ఆ పెద్ద పవర్ గుర్తు నొక్కించాను. మీ సైటు వరకే ఆగింది, మిగతా చోట్ల ఉంది. పట్టిక కింద ఏముందని అడిగితే "ఏమీ లేదురా, తర్వాతి పేరా ఉంది" అన్నారు. పేజీని కాగితం మీద తీసుకోవడం ఎలా అని కూడా అడుగుతున్నారు. దానికి అసలైన బటన్ ఏదైనా పెడతారా?