సెక్షన్ 4 కింద ప్రొబేషన్ పర్యవేక్షణ: రోజువారీగా ఎలా ఉంటుంది?

గోదారిగట్టు
మా తమ్ముడిని కొట్లాట కేసులో జైలుకు పంపకుండా, 1958 ప్రొబేషన్ చట్టం సెక్షన్ 4 కింద రెండేళ్ల బాండ్ (మంచిగా నడుచుకుంటాను, పిలిస్తే కోర్టుకు వస్తానన్న హామీపత్రం) మీద వదిలారు. ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణ కూడా ఉంది. వాడిది నైట్ షిఫ్ట్. మాటిమాటికీ స్టేషన్‌కి వెళ్లాలా? ఇంటికి వస్తారా? వేరే ఊళ్లో మంచి పని దొరికితే వెళ్లొచ్చా? ఒక్కసారి హాజరు తప్పితే నేరుగా జైలేనా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నల్లకోటు
అన్నిటికంటే ముందు ఆర్డర్ కాపీ సంపాదించండి. పర్యవేక్షణ ఉత్తర్వులోని షరతులు వివరించి, మీ తమ్ముడికీ, జామీనుదారులకీ, ఆఫీసర్‌కీ తలా ఒక కాపీ ఇవ్వాల్సింది కోర్టే. బయటపడ్డామన్న హడావుడిలో చాలామంది సంతకం పెట్టేసి వచ్చేస్తారు. ఆ తర్వాత ఎవరేం చెబితే అదే షరతు అనుకుని భయపడుతుంటారు. కాపీ లేకపోతే సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టండి.

అందులో బాండ్ గడువు, పర్యవేక్షణ గడువు విడివిడిగా చూడండి. బాండ్ మూడేళ్లకు మించదు, పర్యవేక్షణ ఏడాదికి తగ్గదు. రెండూ ఒకే రోజున ముగియాలని లేదు. ఎక్కడ ఉండాలి, మద్యం ముట్టకూడదన్న షరతు ఉందా, నష్టపరిహారం కట్టమన్నారా అన్నవి కూడా గమనించండి.

స్టేషన్‌లో సంతకాలంటే అది కండిషనల్ బెయిల్ సంగతి. ఇక్కడ హాజరవ్వాల్సింది ప్రొబేషన్ ఆఫీసర్ దగ్గర. ఆయన ఇంటికీ రావచ్చు. పని, సంపాదన, స్నేహాలు, ఇంట్లో పరిస్థితి అడుగుతారు. నైట్ షిఫ్ట్ అని మొదటి భేటీలోనే చెప్పి, డ్యూటీ చార్టు కాపీ ఇచ్చి, వీలైన వేళ అడగండి. చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకుని వెళ్లిన తేదీ, వేళ, మళ్లీ రమ్మన్న తేదీ రాసి, పక్కన ఆఫీసర్ పొడి సంతకం అడిగి తీసుకోండి. మధ్యలో ఆఫీసర్ బదిలీ అయితే కొత్తవారికి చూపించడానికి అదే పనికొస్తుంది.

ఆయన్ని చూసి బెదరక్కర్లేదు. పని దొరికేలా చూడటం, పరిహారం కట్టడంలో సలహా, సాయం అందించడం సెక్షన్ 14 ప్రకారం ఆయన విధులే. మొహమాటపడకుండా అడగండి.

మేఘమాల
ఊరు మారడం దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు. ఆఫీసర్ నోటిమాటగా "సరే, వెళ్లు" అంటే సరిపోతుందనుకుంటారు. నివాసం గురించి బాండ్‌లో షరతు ఉంటే దాన్ని మార్చే అధికారం ఆయనకు లేదు. సెక్షన్ 8 కింద ఆయన దరఖాస్తు పెట్టాలి, కోర్టు మార్చాలి. అందుకని ఉద్యోగపు లెటర్, ఉండబోయే ఇంటి అడ్రస్, యజమాని ఫోన్ నంబర్ జతచేసి ఆఫీసర్‌కి అర్జీ ఇవ్వండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముట్టినట్టు ముద్ర వేయించుకోండి.

జామీనుదారుతో ముందే మాట్లాడండి, ఇది మాత్రం మరవకండి. మార్పుకి ఆయన ఒప్పుకోకపోతే కోర్టు కొత్త బాండ్ రాయమనవచ్చు. అది రాయలేకపోతే అసలు నేరానికే శిక్ష వేసే వీలుంది. పెళ్లికో, ఆసుపత్రికో రెండు రోజులు వెళ్లాలన్నా, ముందు ఆర్డర్‌లో ఏముందో చూసి, ఆఫీసర్‌కి రాతపూర్వకంగా తెలిపాకే కదలండి.

నల్లకోటు
హాజరు తప్పడం గురించి మిగిలిపోయింది. షరతు తప్పారని ఆఫీసర్ నివేదిక వల్ల గానీ మరోలా గానీ కోర్టు నమ్మితే, సెక్షన్ 9 కింద వారెంట్ ఇవ్వవచ్చు, లేదా మీ తమ్ముడికీ జామీనుదారులకీ సమన్లు పంపవచ్చు. వాదన విన్నాక తప్పు జరిగిందని తేలితే అసలు కేసులో శిక్ష వేయవచ్చు. మొదటిసారి అయితే బాండ్ అలాగే ఉంచి 50 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టే వీలూ ఉంది. మొత్తం చిన్నదని కట్టకుండా వదిలేయకండి. గడువులోగా కట్టకపోతే అసలు శిక్ష పడవచ్చు.

జ్వరమొచ్చి వెళ్లలేకపోతే అదే రోజు ఫోన్ చేసి, మెసేజ్ కూడా పెట్టి, డాక్టర్ చీటీ దాచండి. చెప్పాపెట్టకుండా మానేసి, ఫోన్ కూడా ఎత్తకపోతేనే వ్యవహారం నివేదిక దాకా పోతుంది.

గోదారిగట్టు
చాలా థాంక్స్ అండీ. ఇంకొకటి: రేపు ఉద్యోగాల ఫారాల్లో "శిక్ష పడిందా" అని అడిగితే ఏం రాయాలి? గడువుకి ముందే ముగించే దారి ఉందా?

మేఘమాల
ఫారంలో ప్రశ్న ఎలా ఉందో అక్షరం వదలకుండా చదవండి. కేసు ఉందా, నేరం రుజువైందా, జైలుశిక్ష పడిందా, ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మీ తమ్ముడి విషయంలో మొదటి రెండిటికీ జవాబు అవును, జైలుశిక్ష మాత్రం పడలేదు. సెక్షన్ 12 వల్ల నేర నిర్ధారణతో వచ్చే అనర్హత పోతుంది, నేర నిర్ధారణ మాత్రం చెరిగిపోదు. 1990లో బక్షీరాం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. కాబట్టి దాచవద్దు, ఉన్నది రాసి తీర్పు కాపీ జతచేయండి.

ముందే ముగించే దారి ఉంది. ఇక పర్యవేక్షణ అక్కర్లేదని ఆఫీసర్ దరఖాస్తు పెడితే, కోర్టు తృప్తి చెంది బాండ్ రద్దు చేయవచ్చు. కొన్నాళ్లు హాజరు సక్రమంగా ఉండి, పరిహారమేదైనా ఉంటే పూర్తిగా కట్టాక, ఆ రసీదులూ నోట్‌బుక్కూ పట్టుకెళ్లి ఆయన్ని అడగండి.