ఐపీ అడ్రస్ బోర్డులో పెట్టాలా, రౌటర్‌లో రిజర్వ్ చేయాలా?

ప్రశ్న (డల్లాస్ నుంచి):
విజయవాడలో అమ్మానాన్నల ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద, ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. ట్యాంకు మోటారు, గేటు లైటు దాని మీదే. పోయిన వారం ఫైబర్ వాళ్లు రౌటర్ మార్చి వెళ్లారు. అప్పటి నుంచి నాన్న ఫోన్‌లో 192.168.0.50:8123 అని కొడితే పేజీ రావడం లేదు. ఇక్కడి నుంచి ఆ బోర్డును చేరడానికి నేను వాడే టెయిల్‌స్కేల్ అనే యాప్‌లో కూడా ఆఫ్‌లైన్ అని ఉంది. బోర్డు మీద లైట్లు వెలుగుతున్నాయట. ఆ అడ్రస్ నేనే బోర్డులో స్టాటిక్‌గా, అంటే మారకుండా, పెట్టాను. నాన్న మోకాళ్ల నొప్పితో రోజూ మెట్లు దిగి మోటారు వేస్తున్నారు, నాకు ఒకటే టెన్షన్. మా బావ కార్డు ఫార్మాట్ చేసి మళ్లీ ఎక్కించమంటున్నాడు. చేయమంటారా? స్టాటిక్ పెట్టడమే నా తప్పా?

మియాపూర్:
ఫార్మాట్ వద్దు అన్నా, దయచేసి. ఆటోమేషన్లన్నీ పోతాయి, జబ్బు మాత్రం అలాగే ఉండొచ్చు. ముందు నాన్నగారి ఫోన్‌లో వైఫై వివరాలు తెరిపించి గేట్‌వే (అంటే రౌటర్ అడ్రస్) ఎంత ఉందో చూడమనండి. 192.168.1.1 అని ఉంటే విషయం తేలిపోయినట్టే. మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం కలవాలో చెప్పేది) 255.255.255.0 అయినప్పుడు, చుక్కలతో విడదీసిన వాటిలో మొదటి మూడు అంకెలూ కలవాలి. మీ బోర్డు ఇంకా 192.168.0లో కూర్చుంది, ఫోను 192.168.1లో ఉంది. బోర్డుకు తెలిసిన గేట్‌వే ఇప్పుడు ఇంట్లో లేదు కాబట్టి బయటికీ పోలేదు. టెయిల్‌స్కేల్ ఆగింది అందుకే.
ఇక తప్పు సంగతి. అవును, బోర్డులో స్టాటిక్ పెట్టకూడదు. బోర్డును ఆటోమేటిక్‌లో (రౌటర్ ఇచ్చే అడ్రస్ తీసుకునేలా) వదిలి, రౌటర్‌లో దాని మ్యాక్ అడ్రస్‌కు, అంటే ఆ పరికరం గుర్తింపు సంఖ్యకు, ఎప్పుడూ ఒకే ఐపీ ఇచ్చేలా రిజర్వ్ చేయాలి. రౌటర్ మారినా బోర్డు కొత్త అడ్రస్ తీసుకుని బతికే ఉంటుంది.

రాజమండ్రి:
నేను ఒప్పుకోను. రౌటర్ ఎవరిది? ఆపరేటర్‌ది. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వరు. నెట్ రావడం లేదని ఫోన్ చేస్తే ముందు చేసేది రీసెట్. మా ఇంట్లో రిజర్వేషన్ అలా రెండుసార్లు ఎగిరిపోయింది, రెండుసార్లూ నా భార్య గీజర్ షెడ్యూల్ కోసం అడ్రస్ వెతుక్కోవాల్సి వచ్చింది. బోర్డు నాది, అందులో పెట్టిన అడ్రస్ నా చేతిలో ఉంటుంది. రౌటర్ ఎన్నేళ్లకు ఒకసారి మారుతుంది చెప్పండి?

హనుమకొండ (పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతాను):
తప్పు నెట్‌వర్క్‌దేనని తేలకముందే వాదన ఎందుకు? హోమ్ అసిస్టెంట్ ఓఎస్‌లో 4357 పోర్టు (అడ్రస్ చివర కోలన్ తర్వాత, 8123 బదులు కొట్టే అంకె) మీద అబ్జర్వర్ పేజీ ఒకటి విడిగా నడుస్తుంది. అది తెరుచుకుని 8123 తెరుచుకోకపోతే దారి బాగుంది, లోపం హోమ్ అసిస్టెంట్‌లో ఉంది. రెండూ రాకపోతే ముందు దారే చూడాలి. ఇంకొకటి, అడ్రస్ ముందు హెచ్‌టీటీపీఎస్ వచ్చి కూర్చుంటే కూడా పేజీ రాదు. సర్టిఫికెట్ పెట్టుకోనివాళ్లు హెచ్‌టీటీపీ అనే కొట్టాలి.
రోజువారీ వాడకానికి హోమ్‌అసిస్టెంట్ డాట్ లోకల్ అనే పేరు చాలు, అంకెలు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కాకపోతే గెస్ట్ వైఫైలో, పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ పేరు పలకదు. మీ కేసులో పేరు దొరికినా లాభం లేదు, పేరు అడ్రస్ చూపిస్తుందే తప్ప దారి వేయదు.
చేయాల్సింది ఇది. ల్యాప్‌టాప్ ఉన్నవారిని పిలిచి, కేబుల్‌తో నేరుగా బోర్డుకు కలపండి. ల్యాప్‌టాప్‌కు 192.168.0.10 ఇచ్చి పాత అడ్రస్ తెరవండి.

అనంతపురం:
8123 పోర్టును రౌటర్‌లో ఫార్వర్డ్ చేస్తే, అంటే బయటి నుంచి వచ్చేదాన్ని నేరుగా బోర్డుకు పంపిస్తే, డల్లాస్ నుంచే చూసుకోవచ్చు కదా?

మియాపూర్:
బోర్డు వేరే రేంజ్‌లో ఉంటే ఫార్వర్డ్ చేసినా చేరదు. పైగా చాలా కనెక్షన్లలో ఆపరేటర్ ఒకే పబ్లిక్ ఐపీని ఎంతోమందికి పంచుతాడు, బయట నుంచి తలుపే ఉండదు. ఉన్నచోట కూడా ఇంటి మోటార్లు నడిపే పేజీని ప్రపంచానికి తెరిచి పెట్టడం నాకు నచ్చదు.

ప్రశ్న అడిగినవారు:
గేట్‌వే 192.168.1.1 అనే ఉంది. ఎదురింటి అబ్బాయి ల్యాప్‌టాప్ తెచ్చి కేబుల్ కలిపాడు, పాత అడ్రస్‌లో పేజీ వెంటనే వచ్చింది. సెట్టింగ్స్, సిస్టమ్, నెట్‌వర్క్‌లోకి వెళ్లి ఐపీవీ4 ఆటోమేటిక్ చేయించాను. రౌటర్‌కు తగిలించగానే 192.168.1.7 వచ్చింది, టెయిల్‌స్కేల్ లేచింది. మాస్టారికీ మీ అందరికీ చాలా కృతజ్ఞతలు. అయితే రాజమండ్రి అన్న చెప్పిందీ నిజమే, రౌటర్ పాస్‌వర్డ్ ఇవ్వమన్నారు. రిజర్వ్ చేయడం కుదరదు.

రాజమండ్రి:
అదే నేను మొత్తుకునేది. సొంత రౌటర్ చిన్నది కొని, ఆపరేటర్ రౌటర్ వెనక పెట్టండి. ఫోన్లూ బోర్డూ అన్నీ దానికే కలపండి.

మియాపూర్:
దీనికి నేనూ సరే. అప్పుడు రిజర్వేషన్ ఎవరూ చెరపలేరు. బోర్డు వైఫైకీ కేబుల్‌కీ మ్యాక్ అడ్రస్‌లు వేరు, కేబుల్‌దే రాయండి. బోర్డు మాత్రం ఆటోమేటిక్‌లోనే ఉండాలి.

రాజమండ్రి:
స్టాటిక్ అయినా నడుస్తుంది. సొంత రౌటర్ గేట్‌వే 192.168.0.1గా పెట్టుకుంటే పాత 50 మళ్లీ పనిచేస్తుంది, నాన్నగారి ఫోన్‌లో ఏమీ మార్చక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
50నే రౌటర్‌లో రిజర్వ్ చేస్తాను, బోర్డును ఆటోమేటిక్‌లో ఉంచుతాను. సంక్రాంతికి వస్తున్నాను, అప్పుడు నేనే కూర్చుని చేస్తాను. అప్పటిదాకా 192.168.1.7 అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించమన్నాను. అది మారితే రౌటర్‌నూ బోర్డునూ ఆపి మళ్లీ ఆన్ చేయకుండా, ముందు నాకు ఫోన్ చేయమని చెప్పాను.