అండర్-10 టీమ్ వరసగా ఓడిపోతోంది, కోచ్ మాత్రం "బాగా ఆడుతున్నారు" అంటున్నారు. అకాడమీ మార్చాలా?

మియాపూర్ అమ్మ:

అందరికీ నమస్కారం. మా బాబుకి తొమ్మిదేళ్ళు. ఇంటి దగ్గర టర్ఫ్‌లో ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నాడు. జూన్‌లో పాత కోచ్ మానేసి కొత్తాయన వచ్చారు, కుర్రాడే. అప్పట్నుంచి దాదాపు ప్రతి మ్యాచూ ఓడిపోతున్నాం.

గోల్‌కీపర్ చేతికి బాల్ వస్తే ముందుకి గట్టిగా తన్నకూడదట, పక్కనున్న డిఫెండర్‌కే ఇవ్వాలట. ఈ సంగతి అవతలి టీములకి తెలిసిపోయింది, అక్కడే కాపు కాస్తున్నారు. పోయిన ఆదివారం 6-1. అందులో సగం గోల్స్ ఇలా మన చేతులారా ఇచ్చినవే. మావాడు ఇదివరకు ముందు ఆడి గోల్స్ కొట్టేవాడు. ఇప్పుడొక వారం వెనక ఆడిస్తారు, ఇంకో వారం గ్లవ్స్ ఇచ్చి కీపర్‌గా నిలబెడతారు. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ కోచ్ చేతులు కట్టుకుని నిలబడతారు, ఒక్క మాట చెప్పరు. అవతలి కోచ్ గొంతు పోయేలా అరుస్తుంటారు, వాళ్ళు గెలుస్తుంటారు.

"ఫీజు కట్టేది ఆయన నిలబడి చూడ్డానికా?" అని మావారు. కూకట్‌పల్లి వైపు ఇంకో అకాడమీ ఉంది, రిసెప్షన్‌లో అద్దాల బీరువా నిండా కప్పులే. అక్కడికి మార్చేద్దామంటున్నారు.

చిత్రమేంటంటే మావాడికి బాధేమీ లేదు. కారెక్కగానే "అమ్మా, లెఫ్ట్‌తో తిరిగాను చూశావా?" అంటాడు.

ఆయన నిజంగా ఏదైనా పద్ధతి ప్రకారం నేర్పుతున్నారా, లేక చేతకాక అలా సర్దిచెబుతున్నారా? ఆట తెలియని నాలాంటివాళ్ళు ఎలా కనిపెట్టాలి?

నిజాంపేట డాడీ:

మేడమ్, ఆలోచించకుండా మార్చేయండి. గెలుపు కూడా అలవాటే. ఓడిపోయినా "బాగా ఆడారు" అంటుంటే పిల్లలకి ఓటమి అలవాటైపోతుంది. సెలక్షన్‌కి వెళ్తే ఎన్ని గోల్స్ కొట్టావని అడుగుతారు గానీ ఎన్ని పాస్‌లు ఇచ్చావని ఎవరడుగుతారు? మా పెద్దాడిని కప్పులు గెలిచే చోటే వేశాను. స్కూల్లో వాడి ఫోటో పెట్టారు.

బొల్లారం కోచ్:

అమ్మా, మీ చివరి ప్రశ్న మంచి ప్రశ్న, దానికే జవాబు చెప్తాను. ముందు నా సంగతి. నాకు ఉద్యోగం వేరే ఉంది. సాయంత్రాలు బొల్లారంలో ఒక స్కూల్ గ్రౌండ్‌లో పిల్లలకు ఆట నేర్పుతాను. మాది మట్టి గ్రౌండ్, గోల్ పోస్టులంటే ఇటుకలు. మీ పిల్లగాడు మియాపూర్ నుంచి నా దగ్గరికి రాడు కాబట్టి నాకిందులో లాభం లేదు.

మ్యాచ్ చూసి కోచ్‌ను అంచనా వేయలేరు, ప్రాక్టీస్ చూడండి. ఒక సాయంత్రం ఫోన్ లోపల పెట్టి నెట్ పక్కన నిలబడండి. మీవాడిని కాదు, వేరే ఒక పిల్లగాడిని ఎంచుకోండి. సొంత బిడ్డయితే మన కళ్ళు సరిగా చూడవు. పది నిమిషాల్లో వాడి కాలికి బాల్ ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. పిల్లలంతా లైన్ కట్టి, ఒక్కొక్కడే కోన్ల మధ్య నుంచి పోయి వచ్చి మళ్ళీ లైన్ చివర చేరుతున్నారంటే, మీరు కట్టే ఫీజులో ఎక్కువ భాగం నిలబడడానికే పోతోంది. పైగా కోన్ బాల్ లాక్కోదు. దాన్ని తప్పించుకున్నంత మాత్రాన మనిషిని తప్పించుకోవడం రాదు. అలా కాకుండా ముగ్గురికి ముగ్గురు, నలుగురికి నలుగురు చొప్పున చిన్న చిన్న ఆటలు రెండు మూడు ఒకేసారి నడుస్తుంటే ఆ కోచ్‌కు పని తెలుసు.

ఇది నేను కనిపెట్టింది కాదు. జర్మనీలో హార్స్ట్ వైన్ అని ఒకాయన ఉండేవారు, మొదట హాకీ కోచ్. ఫునిన్యో అనే ఆట ఆయనదే. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, ఒక్కో వైపు రెండేసి చిన్న గోల్స్. అందరూ ఒక గోల్ దగ్గర మూగితే రెండోది ఖాళీ అయిపోతుంది కాబట్టి తల ఎత్తి చూడనివాడు ఆడలేడు. జర్మన్ ఫెడరేషన్ 2024-25 సీజన్ నుంచి అండర్-11 వరకు పాయింట్ల పట్టికలే తీసేసింది. బుడ్డోళ్ళతో ఇలాంటి చిన్న ఆటలే ఆడిస్తోంది. నాలుగు వరల్డ్ కప్పులు గెలిచిన దేశం, గెలుపు మీద మోజు లేనివాళ్ళేం కాదు.

ఇక కీపర్ సంగతి. తొమ్మిదేళ్ళ పిల్లల మ్యాచ్‌లో బాల్ పొడుగ్గా తంతే ఎవరికి దొరుకుతుంది? అందరికంటే పొడుగ్గా, బలంగా ఉన్నవాడికి. జనవరిలో పుట్టినవాడూ డిసెంబర్‌లో పుట్టినవాడూ ఒకే గ్రూప్. ఆ వయసులో పదకొండు నెలలంటే చాలా తేడా. (కొన్ని టోర్నమెంట్లలో అండర్-10 అని దిగేవాళ్ళకు నూనూగు మీసాలు కూడా కనబడతాయి, అది వేరే కథ. మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఏఐఎఫ్ఎఫ్ వయసు తేల్చడానికి ఎముకల ఎక్స్‌రే దాకా పోయింది ఊరికే కాదు.) ఆ పొడుగోడు ముందు పరిగెత్తి గోల్ కొడతాడు, కప్పు బీరువాలోకి పోతుంది. మిగతా పిల్లలు మ్యాచ్ అంతా వాడి వెనక పరిగెత్తారు, అంతే. పద్నాలుగేళ్ళకు అందరూ ఎదుగుతారు. అప్పుడు ఆ పొడుగోడి గతి ఏంటి? వాడికీ ఎవరూ ఏమీ నేర్పలేదు కదా.

అదే కీపర్ దగ్గరగా ఇస్తే ఏమవుతుందో చూడండి. ఆ డిఫెండర్ బాల్ రాకముందే భుజం మీదుగా వెనక్కి చూసుకోవాలి. గోల్ వైపు పూర్తిగా తిరగకుండా ఒళ్ళు సగం తెరిచి నిలబడాలి. బాల్‌ను దగ్గరి కాలితో కాక అవతలి కాలితో అందుకోవాలి. ఫస్ట్ టచ్, అంటే బాల్ అందుకుంటూనే కాలితో వేసే మొదటి తాకు, ఎటు వెయ్యాలో ముందే తేల్చుకోవాలి. మీవాడు లెఫ్ట్‌తో తిరిగానన్నది బహుశా ఇదే. తొమ్మిదేళ్ళవాడికి ఇది కష్టం, తప్పులు చేస్తాడు, గోల్స్ పడతాయి.

మీ కోచ్‌కు అసలు పరీక్ష ఆ తర్వాత. ఆదివారం ఎక్కడ తప్పు జరిగిందో అది మంగళవారం ప్రాక్టీస్‌లో కనబడాలి. కీపర్, ఇద్దరు డిఫెండర్లు, మీదికొచ్చే ఇద్దరు. దాన్నే మళ్ళీ మళ్ళీ ఆడించాలి. అది కనబడకపోతే ఆయన ఎక్కడో వీడియో చూసి కాపీ కొడుతున్నట్టు లెక్క. ఇంకొకటి. అవతలివాళ్ళు అందరూ మీదికొచ్చి నిలబడ్డారంటే వాళ్ళ వెనక మైదానం ఖాళీ. అక్కడికి లేపి తన్నడమూ తెలివే. "ఏమైనా సరే దగ్గరే ఇవ్వాలి" అని పట్టుబట్టే కోచ్, "లేపి కొట్టరా" అని అరిచే కోచ్, నా లెక్కలో ఇద్దరూ ఒకటే. పిల్లగాడు ఆలోచించాల్సింది ఇద్దరూ తామే ఆలోచించేస్తున్నారు. నేను పిల్లలకు చెప్పేది ఒకటే: ముందు చూడు, తర్వాత నువ్వే తేల్చుకో. ఏం తేల్చుకున్నా తిట్టను, చూడకుండా కొడితే మాత్రం అడుగుతాను.

మ్యాచ్‌లో ఆయన మాట్లాడకపోవడమూ ఇందుకే అయ్యుండొచ్చు. బాల్ కాళ్ళ దగ్గరున్నప్పుడు "పాస్, పాస్, షూట్" అని అరిస్తే పిల్లగాడు చెవులతో ఆడతాడు. నేనైతే బాల్ దగ్గర లేని పిల్లలతోనే ఏమైనా అంటాను, అదీ తక్కువే. హాఫ్ టైమ్‌లో "ఖాళీ ఎక్కడుంది?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకుంటాను. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఒకతి వేలు చూపించి "గా మూలకు సార్" అన్న రోజు ఇంటికి పోయి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. మీ కోచ్ మౌనంగా ఉండి ఆట చూస్తున్నారా, ఫోన్ చూస్తున్నారా అన్నది గమనించండి. రెండూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి.

స్థానాలు మార్చడం గురించి మీవారికి ఇది చెప్పండి. మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ స్కూల్ టీచర్‌గా పనిచేసిన మనిషి. కోచ్‌గా ఇండియాను 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకుపోయారు. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఆయన డిఫెండర్. రహీమ్ సాబ్ ఆయన్ని ముందు గోల్స్ కొట్టే సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిచాం, ఆ రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌ది. ఆ టీమ్‌లోనే ఆడిన తులసీదాస్ బలరామ్ మా పక్క అమ్ముగూడ పిల్లగాడే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీదా, పెరూ మీదా గోల్స్ కొట్టాడు. రహీమ్ సాబ్ చేతకాని కాలితో మాత్రమే ఆడాలని రూల్ పెట్టి టోర్నమెంట్లు నడిపేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు కుడికాలితో తంతే కుదరదన్నమాట. నేను శుక్రవారాలు అదే ఆడిస్తాను. మొదట పిల్లలు నవ్వీ నవ్వీ పడిపోతారు, కొన్ని వారాలకు నవ్వు తగ్గుతుంది.

మీ కోచ్‌ను పూర్తిగా వెనకేసుకు రావడం లేదు. ప్రతి వారం ఆరేసి గోల్స్ తింటుంటే అది నేర్చుకోవడం కాదు, బెదిరిపోవడం. తమ స్థాయి టీములతో మ్యాచ్‌లు కుదర్చడమూ కోచ్ పనే. అది అడగండి, అడిగే హక్కు మీకుంది.

డాలస్ నాన్న:

కోచ్ గారూ, మీ పోస్ట్ మా కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. మా పాప ఇక్కడ అండర్-10లో ఆడుతుంది. అక్కా, మీరు చెప్పిన సమస్యకి ఇక్కడ రూలే ఉంది. ఇక్కడి ఫుట్‌బాల్ ఫెడరేషన్ యూఎస్ సాకర్ 2017 నుంచి అండర్-9, అండర్-10 పిల్లలకి ఏడుగురి ఆట పెట్టింది. మైదానంలో ఒక్కో సగంలో అడ్డంగా ఒక గీత ఉంటుంది, బిల్డ్ అవుట్ లైన్ అంటారు. కీపర్ చేతిలో బాల్ ఉన్నా, గోల్ కిక్ అయినా, అవతలి టీమ్ ఆ గీత వెనక్కి వెళ్ళాలి. కీపర్ బాల్‌ని గాల్లోకి తన్నడం నిషేధం. అంటే వెనక నుంచి పాస్‌లతో ఆట మొదలుపెట్టడానికి పిల్లలకి కాస్త ఊపిరి దొరుకుతుంది. పదేళ్ళవాళ్ళకీ, అంతకంటే చిన్నవాళ్ళకీ హెడింగ్ (తలతో బాల్ కొట్టడం) కూడా లేదు.

అలాగని ఇక్కడంతా బుద్ధిమంతులే అనుకోకండి. మైదానం బయట నిలబడి అరిచే నాన్నల్లో సగంమంది మనవాళ్ళే. క్రికెట్ చూసి పెరిగినవాళ్ళం, "కొట్టు, కొట్టు" తప్ప వేరే మాట రాదు.

నిజాంపేట డాడీ:

కోచ్ సార్, మీ అనుభవానికి దండం. కానీ పోటీ అనేది ఎప్పుడు మొదలవ్వాలి మరి? పద్దెనిమిదేళ్ళకా?

బొల్లారం కోచ్:

మంచి మాట అడిగారు డాడీ గారూ. పోటీ ఆరేళ్ళకే ఉంటుంది, దాన్ని ఎవరూ పెట్టక్కర్లేదు. మా ఇటుకల గోల్స్ దగ్గర స్కోరు ఎంతో నేను మర్చిపోతాను గానీ ఒక్క పిల్లగాడు మర్చిపోడు, దాని కోసం కొట్టుకున్నంత పని చేస్తారు. నాకు అభ్యంతరం పోటీతో కాదు, ఆ కప్పు కోసం చిన్నగా ఉన్నవాడిని బెంచీ మీద కూర్చోబెట్టడంతో. ఏఐఎఫ్ఎఫ్ యూత్ లీగులు ఇంకాస్త పెద్ద పిల్లలకే, స్కూల్ గేమ్స్ అండర్-14 నుంచి. అక్కడ గెలవడానికే ఆడాలి, నేనూ అలాగే ఆడిస్తాను. సెలక్షన్‌లో గోల్స్ లెక్క అడుగుతారన్నారు. నేను చూసినంతలో ముందు చూసేది ఫస్ట్ టచ్. బాల్ వచ్చి కాలికి తగిలి రెండు గజాలు ఎగిరిపోతే పేపర్ మీద పేరు పక్కన అప్పుడే గీత పడుతుంది.

డాలస్ నాన్న చెప్పిన గీత సంగతి మియాపూర్ అమ్మ గారు వాడుకోవచ్చు. ఫ్రెండ్లీ మ్యాచ్ అయితే ఇద్దరు కోచ్‌లు మాట్లాడుకుని, గోల్ కిక్ అప్పుడు అవతలివాళ్ళు సగం మైదానం దాకా వెనక్కి పోవాలని ఒప్పుకుంటే చాలు. దీనికి ఫెడరేషన్ దాకా పోనక్కర్లేదు.

నిజాంపేట డాడీ:

నేనింకా ఒప్పుకోను సార్. కానీ ఆ చేతకాని కాలు ఆట మా చిన్నాడితో ఆడించి చూస్తా.

మియాపూర్ అమ్మ:

అందరికీ థాంక్స్. నిన్న నెట్ దగ్గర నిలబడ్డాను. లైన్లు లేవు, నాలుగు చోట్ల చిన్న ఆటలు నడుస్తున్నాయి. నేనెంచుకున్న పిల్లాడు ఒక్కచోట నిలవడు, లెక్క మధ్యలోనే తప్పిపోయింది. కీపర్, ఇద్దరు డిఫెండర్లు, మీదికొచ్చే ఇద్దరు, అచ్చం సార్ చెప్పినట్టే ఆడించారు. అయిపోయాక ధైర్యం చేసి కోచ్‌ని అడిగాను. ఆ ఆదివారం టోర్నమెంట్ తను ఎంచుకున్నది కాదట, అకాడమీ ఓనర్ ముందే డబ్బు కట్టేశారట. డిసెంబర్‌లో మా స్థాయి టీములతో మూడు ఫ్రెండ్లీలు పెడుతున్నారు, గీత సంగతి చెప్తే వెంటనే సరే అన్నారు. మావారు డిసెంబర్ దాకా చూద్దామన్నారు. ఒప్పుకున్నట్టు కాదట, ఫీజు ఎలాగూ అప్పటిదాకా కట్టేశాంగా అన్నారు.

ఒక చిన్న సందేహం. ఇంట్లో ఆడుకోడానికి బాల్ కొనాలి. షాపులో సైజు 5 ఇస్తున్నారు, ఎదిగే పిల్లాడు కదా, రేపటికీ పనికొస్తుంది అంటున్నారు.

బొల్లారం కోచ్:

వద్దమ్మా. ఎనిమిదేళ్ళ దాకా సైజు 3, ఆ తర్వాత పన్నెండు దాకా 4. ఐదో నంబర్ వాడికి ఇప్పుడు బరువు, మడమ తిప్పి తన్నడం అలవాటవుతుంది. పార్కింగ్‌లో ఖాళీ గోడ ఉంటే అక్కడ ఆడమనండి, ఎడమకాలితోనే. గోడ అవతల ఎవరి బెడ్‌రూమ్ ఉందో మాత్రం ముందు కనుక్కోండి.