దవడ పళ్ళకి ఏ కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్ మెటీరియల్) వాడుతున్నారు? కాస్త చెప్పండి

నమస్కారమండి. అమలాపురం దగ్గర చిన్న డెంటల్ క్లినిక్ పెట్టి రెండేళ్ళయింది. ఇప్పటిదాకా అన్నిటికీ ఒకటే నానోహైబ్రిడ్ రకం కాంపోజిట్, 2 మిల్లీమీటర్ల లేయర్ వేసి గట్టిపడ్డానికి 20 సెకన్లు లైట్ కొట్టడం, ముందు పళ్ళకి బానే ఉంది గానీ దవడ పళ్ళ దగ్గరే తలనొప్పి. మొన్నో మామ్మగారు వచ్చారు, ఆర్నెల్ల కింద నేను వేసిన ఫిల్లింగ్ చుట్టూ సన్నగా గోధుమరంగు గీత, "ఏం బాబూ, నీ సిమెంటు కూడా కిళ్ళీ నమిలిందా" అని నవ్వేశారు, నాకైతే తల కొట్టేసినట్టయింది.

తప్పు మెటీరియల్‌దా ఫిల్లింగ్‌ని పంటికి అతికించే నా బాండింగ్‌దా? రబ్బర్ డ్యామ్ (పంటికి తడి తగలకుండా కట్టే రబ్బరు షీటు) పెడితే సగం మంది ఊపిరాడట్లేదంటారు, దూది పెట్టి కానిచ్చేస్తున్నా, అదే కొంప ముంచుతోందేమో.

బల్క్ ఫిల్ అయితే ఒకేసారి 4 మిల్లీమీటర్లు వేసేయొచ్చు కదా, మరి నా లైటు పాతది, అడుగుదాకా గట్టిపడుతుందంటారా? పల్చగా జారే ఫ్లోయబుల్‌లో ఫిల్లర్ (గట్టిదనమిచ్చే పొడి) తక్కువ, కుంచించుకుపోవడం ఎక్కువ, అందుకే అడుగున పల్చగానే వేస్తున్నా. కొనేముందు మీరేం చూస్తారు, ఫిల్లర్ శాతమా, ష్రింకేజా, ఇన్‌స్ట్రుమెంట్‌కి అంటుకోకపోవడమా? డీలర్ని అడిగితే ఏది స్టాక్ ఎక్కువుంటే అదే బెస్టంటాడు. క్లాస్ 2 (దవడ పళ్ళ మధ్య సందు వైపు పుచ్చు) కేసులు ఎక్కువ చేసేవాళ్ళు చెప్పండి ప్లీజ్.