నాట్ల కూలి పెరిగిందంటే కూలీలు తగ్గినట్టా, పని పెరిగినట్టా?

యాసంగి_నోట్స్

ఎం.ఏ. ఎకనామిక్స్ ప్రాజెక్టుకు తెలంగాణలో వరి నాట్ల కూలిని ఎంచుకున్నాను. ఎవరినడిగినా "ఉపాధి హామీ వచ్చినంక కూలోళ్లు దొరుకుతలేరు" అనే మాటే. పాఠ్యపుస్తకంలో శ్రమ సరఫరా రేఖను (ఏ రేటుకు ఎంతమంది పనికొస్తారు) జరిపే కారణాలు ఒక పట్టికలో, గిరాకీ రేఖను (ఏ రేటుకు ఎంతమంది కావాలి) జరిపేవి ఇంకో పట్టికలో ఉన్నాయి. చేతిలో ఉన్నదేమో కూలి రేటు ఒక్కటే. దాన్ని బట్టి ఏ రేఖ జరిగిందో చెప్పడమెలా? ఉపాధి హామీ, మిషన్ నాట్లు, బెంగాల్ నుంచి వచ్చే కూలీ ముఠాలు, మహిళలకు ఉచిత బస్సు... ఏది ఎటు వేయాలి?

గట్టుమీది_లెక్క

రేటు ఒక్కటే పెట్టుకుని చెప్పలేరండీ. పక్కన మొత్తం పనిదినాలు కూడా ఉండాలి. కూలి పెరిగి, పనిదినాలూ పెరిగితే గిరాకీ రేఖ కుడికి జరగడమే పెద్దది. కూలి పెరిగి పనిదినాలు తగ్గితే సరఫరా ఎడమకు జరిగింది. నిజానికి రెండు రేఖలూ ఒకేసారి జరుగుతుంటాయి, ఏది ఎక్కువ జరిగిందన్నదే మీకు తేలేది.

ముందు గిరాకీ చూడండి, అసలు కథంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. 2022 వానాకాలంలో తెలంగాణలో వరి 60 లక్షల ఎకరాలు దాటింది. నారు పీకడం, నాటడం కలిపి ఎకరాకు 10 మంది అనుకోండి. సాగు 10 లక్షల ఎకరాలు పెరిగితే కోటి పనిదినాలు అదనం. అవి ఏడాదంతా పరుచుకుంటే ఇబ్బందే లేదు, కానీ కొద్ది వారాల్లోనే పడతాయి. మామూలు నారుమడిలో నారు 30 రోజులు దాటి ముదిరితే పిలకలు తగ్గుతాయి, కాలువ నీళ్లు వదిలాక దమ్ము చేసిన మడి ఎండబెట్టలేం. అంటే రైతు ఆగలేడు. గిరాకీ రేఖ కుడికి జరగడమే కాదు, దాదాపు నిట్టనిలువుగా ఉంటుంది. అందుకే పది మంది తక్కువైనా రేటు ఎగిరిపోతుంది.

మద్దతు ధర కూడా గిరాకీ వైపే. సాధారణ రకం వడ్లకు 2023-24లో క్వింటాకు రూ.2,183 ఉండగా 2025-26కి రూ.2,369 అయింది. 2024 వానాకాలం నుంచి సన్నాలకు రాష్ట్రం రూ.500 బోనస్ ప్రకటించింది. కూలీకి గిరాకీ పంట విలువలోంచే పుడుతుంది.

ఇక ఉపాధి హామీ. పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది, కుటుంబానికి ఏడాదికి 100 రోజులు. ఇక్కడ ఆ పనుల్లో పెద్ద భాగం ఏప్రిల్–జూన్‌లో జరుగుతుంది. వానాకాలం నాట్లు ముఖ్యంగా జూలై–ఆగస్టులో, యాసంగివి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లో నోటిఫై చేసిన కూలి రూ.307, అది కూడా కొలతను బట్టి చేతికొచ్చేది. నాట్ల ముమ్మరంలో బయటి రేటు దానికంటే పైనే ఉంటుంది కాబట్టి, అప్పుడు మనుషుల్ని లాక్కుపోయేది అది కాదు. దాని ప్రభావం వేసవి కూలిలో వెతకండి: "ఇంతకంటే తక్కువకు రాను" అనగల ధైర్యం అక్కడ కనిపిస్తుంది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టంలో రోజులు 125 అయ్యాయి, విత్తే కాలం, కోతల కాలంలో 60 రోజుల వరకు పనులు ఆపే వీలూ పెట్టారు. అది అమలయ్యే చోట ముందు, తర్వాత పోల్చడానికి మంచి అవకాశం.

దమ్ముచక్రం

మిషన్ సంగతి నేను చెప్తా. "మిషన్ వచ్చింది, గిరాకీ తగ్గింది" అని ఒక్క బాణం గీసి వదిలేయొద్దు. కూలి పెరిగిందని రైతు మిషన్‌కు మారితే అది దీర్ఘకాలిక గిరాకీ రేఖ మీద కదలికే, అంటే రేఖ ఉన్నచోటే ఉంటుంది, రేటును బట్టి దాని మీద మన చోటు మారుతుంది. సబ్సిడీ వల్లో, ఊళ్లోకి ఇంకో రెండు బండ్లు రావడం వల్లో మిషన్ కిరాయి తగ్గితే, అప్పుడు నాటు కూలీ గిరాకీ రేఖే ఎడమకు జరిగింది. కిరాయిల వివరం సేకరించకుండా ఈ రెండింటినీ విడదీయలేరు.

పైగా పని పూర్తిగా మాయం కాదు, రూపం మారుతుంది. మిషన్‌కు ట్రేల్లో పెంచిన 15–18 రోజుల లేత నారు కావాలి. దమ్ము చేశాక ఒకట్రెండు రోజులు మట్టి పేరుకోనివ్వకుండా బండి దింపితే మొక్క బురదలో కూరుకుపోతుంది. చదును సరిగ్గా లేకపోతే లోతు నీళ్లున్న చోట నారు తేలిపోయి ఖాళీలు పడతాయి, వాటిని పూడ్చడానికి మళ్లీ ఆడకూలీలే.

నారు పోయకుండా విత్తనమే నేరుగా వెదజల్లే పద్ధతిలో నాటు ఖర్చు మొత్తం తప్పుతుంది, కలుపు మీద పడుతుంది. విత్తిన 15–20 రోజుల మధ్య, కలుపు రెండు నాలుగు ఆకుల దశలో ఉండగా బిస్‌పైరిబాక్ సోడియం 10 శాతం మందు ఎకరాకు 100 మి.లీ. కొట్టాలి. నీళ్లు తీసి కొట్టకపోయినా, వారం ఆలస్యమైనా ఊద గడ్డి చావదు. అప్పుడు నాట్ల దగ్గర మిగిలిన కూలీ ఖర్చు నెల తర్వాత కలుపుతీతలో తేలుతుంది. నాట్ల నెల ఒక్కటే సర్వే చేస్తే ఇది మీకు కనబడదు.

యాసంగి_నోట్స్

చాలా థాంక్స్ అండీ. మరి బెంగాల్, బీహార్ ముఠాలు? వాళ్లు రేటు ఎక్కువుందనే వస్తున్నారు కదా, అది సరఫరా రేఖ మీద కదలికే కదా?

పాలమూరు_పటం

రేటు పెరిగినందుకు ఈ సీజన్‌లో పదిమంది ఎక్కువొస్తే కదలికే. కానీ మేస్త్రీ, రైలు, ఫోను, గుత్త రేటు అన్నీ కుదిరి ఏటా అదే ముఠా దిగుతోందంటే, అదే రేటుకు ఇదివరకటి కంటే ఎక్కువ మంది దొరుకుతున్నట్టు. అది రేఖ కుడికి జరగడం. అటు వాళ్ల ఊళ్లో ఎడమకు.

రేటు మారకుండానే సరఫరా రేఖ జరిగిన తేటతెల్లమైన ఉదాహరణ 2020 లాక్‌డౌన్. మే 1న హైదరాబాద్ దగ్గరి లింగంపల్లి నుంచి ఝార్ఖండ్‌లోని హతియాకు, వలస కూలీలను ఇళ్లకు చేర్చే తొలి శ్రామిక్ రైలు వెళ్లింది. వారం తిరిగేసరికి బీహార్‌లోని ఖగరియా నుంచి లింగంపల్లికి ఒక రైలు వచ్చింది, రైస్‌మిల్లుల పనికి మనుషుల్ని తీసుకుని. యాసంగి వడ్లు దిగే సమయానికి హమాలీలు లేకపోతే మిల్లు ఆగుతుంది మరి.

2023 డిసెంబరు 9న మొదలైన ఉచిత బస్సు మహిళల సరఫరాను జరిపే కారణమే, అయితే దిశ ఏ మార్కెట్టు చూస్తున్నారన్న దాన్ని బట్టి. పట్నానికి దగ్గరి ఊళ్లలో పొలం పనికి తగ్గి, పట్నం పనికి పెరిగే అవకాశం ఉంది. మీ శాంపిల్‌లో ఆర్టీసీ బస్సు తిరిగే ఊళ్లు, తిరగని ఊళ్లు రెండూ పెట్టండి.

డేటా: లేబర్ బ్యూరో గ్రామీణ కూలి రేట్లు నెలనెలా ఇస్తుంది. కేంద్రం సాగు ఖర్చుల పథకంలో హెక్టారుకు మనుషుల పనిగంటలు ఉంటాయి, విస్తీర్ణంతో గుణించి, రోజు పనిగంటలతో భాగిస్తే పైన చెప్పిన పనిదినాల లెక్క వస్తుంది. కూలి రేటును వ్యవసాయ కార్మికుల ధరల సూచీతో సర్దాకే పోల్చండి. ముఠా రేటు ఎకరాకు గుత్త, ఊరివాళ్లది రోజుకూలి. గుత్త సొమ్మును ముఠాలో తలలతో, పట్టిన గంటలతో భాగించకుండా రెండూ ఒకే కాలమ్‌లో వేస్తే లెక్క మొత్తం తప్పుతుంది. తిండి, వసతి రైతు పెడితే దాని విలువా కలపాలి.