కరెంటు అక్కర్లేని పంపు: డిజైన్ కంపెనీకి అమ్మేయాలా, మనమే తయారుచేయాలా?

చర్లపల్లి_టర్నర్:
చర్లపల్లిలో లేత్ మీద పనిచేస్తాను. సెలవు రోజుల్లో ఇంటి దగ్గర ఒక హైడ్రాలిక్ ర్యామ్ పంపు తయారుచేశాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: వాగు నీళ్లు పైపులో జోరుగా దిగుతుంటే వాల్వు ఠపీమని మూసుకుంటుంది. ఆ దెబ్బకు పుట్టే ఒత్తిడి కొంత నీటిని పైకి నెడుతుంది. కరెంటు, డీజిల్ అక్కర్లేదు. సూత్రం నాది కాదు, ఫ్రాన్స్‌లో మాంట్‌గోల్ఫియర్ 1796లోనే చేశాడు. నాది వాల్వు మాత్రమే. దాని మూత చేత్తో తిప్పితే ఊడుతుంది. రబ్బరు అరిగితే పాత ట్యూబు ముక్క కత్తిరించి వేసుకోవచ్చు, స్పానర్ కూడా అక్కర్లేదు. పైన వాషర్లు వేస్తూ తీస్తూ దెబ్బల వేగం సరిచేసుకోవచ్చు.

పేటెంట్ తీసుకుని ఏదైనా పంపుల కంపెనీకి అమ్మేద్దామని నేను, మనమే చేసి అమ్ముదామని మా బావ. మీరేమంటారు?

రాణిగంజ్_దుకాణం:
తమ్ముడూ, పంపులు అమ్మేవాడిగా ఉన్నది ఉన్నట్టు చెప్తా. నా కౌంటర్ దగ్గరికి వచ్చే రైతు అడిగేవి ఇవే: ఎన్ని హెచ్‌పీ, ఎన్ని అడుగుల నుంచి లాగుతుంది, ఐఎస్ఐ మార్కు ఉందా, చెడిపోతే మెకానిక్ ఎవరు. తెలంగాణలో వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది. నీళ్లేమో వందల అడుగుల లోతు బోర్లలో ఉన్నాయి. నీ పంపుకి పారే నీళ్లు కావాలి. ఇక్కడ ఎవరు కొంటారు? కంపెనీవాళ్లు కూడా పేటెంట్ కాగితం చూసి డబ్బివ్వరు, డీలర్ ఆర్డర్లు చూస్తారు. పేటెంట్ పక్కన పెట్టి ముందు గిరాకీ వెతుక్కో.

ఉప్పల్_పేటెంట్ఏజెంట్:
గిరాకీ గురించి అన్న చెప్పింది నిజమే. పేటెంట్ పక్కన పెట్టమనడం మాత్రం ఒప్పుకోను. వాల్వు విప్పి చూపిస్తూ వీడియో పెట్టారంటే కొత్తదనం పోయినట్టే, తర్వాత ఎవరు కాపీ కొట్టినా అడగలేరు. రెండు శతాబ్దాల పాత యంత్రం కాబట్టి ఇలాంటి వాల్వు ఇప్పటికే ఉందేమో ముందు వెతకండి. లేకపోతే ఒక్క వాల్వు మీదే ప్రొవిజనల్ అప్లికేషన్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేయండి. వ్యక్తిగతంగా ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ ఫీజు 1,600 రూపాయలు. పూర్తి స్పెసిఫికేషన్‌కు, అంటే మొత్తం వివరాలతో వేసే దరఖాస్తుకు 12 నెలల గడువుంటుంది. అసలు ఖర్చు అప్పుడే. ఆలోపు కొనేవాళ్లు దొరకకపోతే వదిలేయొచ్చు.

తార్నాక_నీళ్లపని:
కొనేవాడు హైదరాబాద్‌లో దొరకడు, కొండల్లో ఉన్నాడు. పాడేరు, అరకు వైపు చాలా ఊళ్లలో వాగు కింద, ఇళ్లు పైన. బిందెలతో మోసేది ఆడవాళ్లే. లెక్క చూడండి: రెండు మీటర్ల వాలు, పది మీటర్ల ఎత్తు, సామర్థ్యం 60 శాతం అనుకుంటే నిమిషానికి 60 లీటర్లు పారే చోట సుమారు 7 లీటర్లు పైకెక్కుతాయి. రేయింబవళ్లు నడుస్తుంది కాబట్టి రోజుకు పదివేల లీటర్లు. చిన్న ఊరికి అది పెద్ద సంగతి.

కాకపోతే ఆ ఊరు పంపు కొనలేదు. కొనాల్సింది ఐటీడీఏ (ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ), స్వచ్ఛంద సంస్థలు. వాళ్లు మొదట అడిగేది "ఇంకో ఊళ్లో ఏడాది నడిచిందా?" అనే. అందుకే అమ్మడం తర్వాత, ముందు ఒక వర్షాకాలం ఇసుకలో, ఆకుల్లో నడిపించండి. నీళ్లు దిగే పైపు ఇనుముదే వేయండి, పీవీసీ సాగి దెబ్బంతా మింగేస్తుంది.

రాణిగంజ్_దుకాణం:
మంచిదే. ఆ ఏడాది ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? జీతం మీద బతికే మనిషికి చెప్పే మాటేనా?

తార్నాక_నీళ్లపని:
అందుకే ఒంటరిగా వెళ్లొద్దంటున్నా. గ్రామీణ ఆవిష్కర్తలతో పనిచేసే పల్లెసృజన ఈ ఊళ్లోనే ఉంది. నమూనాలు చేసుకోవడానికి రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది. ఆలేరు చింతకింది మల్లేశం గారు చేసిన, చీరల నూలు చుట్టే ఆసు యంత్రం చూడండి. ఆయన పెద్ద కంపెనీ కోసం ఆగలేదు, తోటి నేతకార్మికులకే చేసిచ్చారు. పద్మశ్రీ 2017లో వచ్చింది.

ఉప్పల్_పేటెంట్ఏజెంట్:
ఆయన దానికి పేటెంట్ కూడా తీసుకున్నారు. అది మరవొద్దు.

చర్లపల్లి_టర్నర్:
అందరికీ థ్యాంక్స్. కంపెనీ ఆలోచన ఇప్పటికి ఆపుతున్నా. వెతికిస్తాను, ఇలాంటిది ఇంతకుముందు లేకపోతే వాల్వు మీద ప్రొవిజనల్ వేస్తాను. ఆ తర్వాతే వాగు. తార్నాక అన్నా, బిగించడానికి ఏ కాలం మంచిది?

తార్నాక_నీళ్లపని:
ఎండాకాలం చివర. వాగులో నీళ్లు బాగా తగ్గేది అప్పుడే, ఆ నీటికి నడిస్తే మిగతా కాలమంతా నడుస్తుంది. కాంక్రీటు దిమ్మె వరద గీత చూసి దానికి పైన కట్టండి. ఆ గీత ఎక్కడుందో ఊళ్లో పెద్దవాళ్లు చూపిస్తారు. విడి రబ్బర్లు అక్కడి పిల్లల చేతే కత్తిరించి చూడండి, మీ వాల్వుకి అసలు పరీక్ష అదే.